గుట్ట తరఫున గొర్రెల సాక్ష్యం

మూడువందల గొర్రెల చేత ఒక ఆఫీసరు ముందు సాక్ష్యం చెప్పించి, మడకశిర పక్కన ఒక గుట్టను ఒక్క పూటలో విడిపించినవాణ్ణి నేను. ఈ మాట ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. ధర్మవరంలో టీ అంగడి దగ్గర చెప్పాను. హిందూపురం బస్సులో పక్క సీటాయనకు, ఆయన నిద్రపోతున్నా సరే, చెప్పాను. బెంగళూరులో వియ్యంకుడి ముందు చెప్పినప్పుడు గొర్రెలు ఐదువందలయ్యాయి. ఆయన కొంచెం గొప్పలు పోయే మనిషి. ఆయన ముందు మూడువందలు చాలవనిపించింది.

నోటితో చెప్పేటప్పుడు మంద ఎంత పెరిగినా ఎవరూ తలలు లెక్కపెట్టరు. కాగితం మీద పెట్టాలంటే మాత్రం చెయ్యి కొంచెం వెనకాడుతుంది. అందుకని ముందే ఒప్పుకుంటున్నాను. మూడువందలు కాదు, పదకొండు. ఇక విడిపించింది నేనేనా అంటే, ఆ సంగతి దాని చోట అది వస్తుంది.

మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. మా నాయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నాడంటే నీళ్లు పారినట్టు నేత సాగేది. నేను కూర్చుంటే చీర అంచు ఎద్దు ఉచ్చ పోసినట్టు వంకరలు పోయేది. డెబ్బైల చివర ఒకరోజు నాయన నేను నేసిన జానెడు బట్టను వేళ్లతో తడిమి చూసి, "నీ చేతిరాత బాగుండాది, చేతినేత బాగలేదు. యాడన్నా పోయి రాసుకోని బతుకు" అన్నాడు. కోప్పడలేదు. ఆ పూట అమ్మ చేత పప్పూ బెల్లం పెట్టి ఓళిగలు చేయించాడు కూడా. మగ్గం బతికిపోయిందన్న సంతోషం కావచ్చు.

ఆ చేతిరాత పుణ్యమా అని, ఎనభైలు మొదలైన కొత్తలో, గుట్టల మీద చెట్లు నాటించే ఒక ఆఫీసులో పని దొరికింది. నా పనల్లా ఒక పెద్ద కాగితం నింపడం. దాని నెత్తిన 'పరిస్థితి విశ్లేషణ' అని ఉండేది. కింద నాలుగు గళ్లు. సమస్య, కారణం, ఫలితం, పరిష్కారం. ఏ ఊళ్లో పని మొదలుపెట్టాలన్నా నేను ముందు పోవాలి, మూడు రోజులుండాలి, నేల చూడాలి, జనాన్ని అడగాలి, ఆ గళ్లు నింపాలి. మూడో రోజు ఆఫీసరు జీపులో వచ్చి, ఊరి ముందర దాన్ని చదివించి సంతకం పెడతాడు. ఆ కాగితాన్ని బట్టే పైన ప్రణాళిక వేస్తారు.

మొదటి రెండు ఊళ్లలో నిజంగానే తిరిగాను. మూడో ఊరి నుంచి నాకు పని అలవాటైపోయింది. ఏ ఊళ్లో చూసినా వాన లేదు, గుట్ట బోడి, బావిలో నీళ్లు అడుగున. దీనికి మూడు రోజులు తిరగడమెందుకని బస్సులోనే నింపేవాణ్ణి. పెనుకొండ వచ్చేసరికి సమస్య, సోమందేపల్లె దాటేసరికి కారణం, హిందూపురంలో బస్సు మారేలోగా ఫలితం, మడకశిరలో దిగేసరికి పరిష్కారం. కారణం గడిని మాత్రం ఎర్ర సిరాతో రాసేవాణ్ణి. చూసేవాళ్లకు ఎంతో ఆలోచించి రాసినట్టు కనబడుతుంది.

ఆ ఊరి కాగితం కూడా అట్లాగే బస్సులో తయారైంది. ఊరు నాకు కొత్త కాదు. ముందటేడు ఆ గుట్ట మీద నాటడానికి కానుగ మొక్కల లారీ పోతే, దానితో పోయింది నేనే. ఏడాది తిరక్కుండానే ఒక్క మొక్క మిగల్లేదని కబురొచ్చింది. సమస్య అదే. కారణం గడిలో ఎర్రగా, 'గొర్రెలు, మేకలు మేసివేసినవి' అని రాశాను. పరిష్కారం: 'గుట్టను ఐదేళ్లు మూసివేయవలెను. మందలు ఎక్కరాదు.'

బస్సు దిగి ఊరు చేరేసరికి నాలుక పిడచగట్టింది. ఎండాకాలం చివర, ఇంకా ఒక్క వానా పడలేదు. ఊరి మొదట్లోనే ఒక ఇంటి వసారాలో చింతగింజల గంజి వాసన, మగ్గం చప్పుడు. కాళ్లు వాటంతటవే అటు తిరిగాయి. ఒకాయన గొర్రె ఉన్నితో కంబళి నేస్తున్నాడు. మా ఇంట్లో పట్టుపోగు వెంట్రుక కంటే సన్నం, ఇక్కడ పోగు పలుపుతాడంత ఉంది. అయినా మగ్గం మగ్గమే. "మాదీ నేత ఇల్లేనన్నా" అన్నాను. అంతే, చాప పరిచి కూర్చోబెట్టాడు.

నీళ్లు తెచ్చిచ్చింది ఆయన భార్య. ముప్పై ఏళ్లుంటాయి, నా ఈడుదే. భుజాన కంబళి, చేతిలో పొడుగాటి దోటి. ఇంటి వెనక దొడ్డిలో నలభై దాకా గొర్రెలు, వాటిని మేపేది ఆమే.

"ఏమప్పా, ఆ కాగితంలో మా ఊరి సంగతేనా రాసిండేది?"

"అవునక్కా."

"సదువు, ఇందాము."

చదివాను. ఎర్ర సిరా దగ్గరికి వచ్చేసరికి గొంతు దానంతటదే తగ్గింది. ఆమె చెవులు తగ్గలేదు.

"గొర్రెలు తిన్యాయని ఎవురు చూసినారు?"

"అందరూ చెప్తాండారు గదక్కా."

"అందరూ అంటే ఎవురు?"

"మా ఆఫీసులో."

"మీ ఆఫీసు గుట్టకాడ ఉండాదా?"

మగ్గం చప్పుడు ఆగింది. ఆయన నవ్వు ఆపుకోవడానికి పోగు సరిచేస్తున్నట్టు వంగాడు.

"నువ్వు గుట్ట ఎక్కి చూసినావా?" ఆమె వదల్లేదు.

"ఎక్కాలనే గదా వచ్చినా."

"ఎక్కకముందే రాసేసినాడు సూడు!" అంది మొగుడితో. "నువ్వు కంబళి నేయకముందే మడత పెడతావా?"

"నేను పెట్టను. పట్టునేతోళ్లు పెడతారేమో" అన్నాడాయన తల ఎత్తకుండానే.

నేనూ నవ్వేశాను. ఆమె మాత్రం నవ్వలేదు. నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఇనుప్పా. ఐదేండ్లు గుట్ట మూస్తే ఇవి యాడ మేసల్ల? మేపేకి చోటు లేకపోతే సంతలో అమ్మేయల్ల. గొర్రెలు పోతే ఉన్ని పోతాది. ఉన్ని పోతే ఈయప్ప మగ్గం పోతాది. మేమిద్దరమూ బెంగళూరికి మట్టి మోసేకి పోవల్ల. నీ ఎర్రగీత ఒక్కటి చాలు, మా ఇల్లు లేసిపోయేకి. రాసేముందర ఒక్కసారన్నా గుట్ట ఎక్కు."

మర్నాడు పొద్దున ఎక్కాను. ఒక్క ఊపిరిలో ఎక్కానని మా మనవళ్లకు చెప్పి ఉన్నాను. మూడుచోట్ల కూర్చున్నాను. నాలుగోచోట చెప్పు తెగింది. ఆమె ముందర పోతూ, వెనక్కి తిరిగి చూసి, "మా ముసలి పొట్టేలు నయం" అంది.

పైన గుంతల వరుసలు కనబడ్డాయి. గుంత గుంతలో ఒక ఎండుపుల్ల. నాకు ధైర్యం వచ్చింది. "చూడు, ఆకు మిగిలిందా? మేసినాయా లేదా?" అన్నాను. ఆమె దోటి కొనతో ఒక గుంత తవ్వి పుల్లను పెరికి నా చేతిలో పెట్టింది.

పుల్ల అడుగున నల్ల ప్లాస్టిక్ కవరు. నర్సరీలో మట్టి నింపి విత్తనం వేసిన కవరు, ఒక్క చిరుగు లేకుండా, అట్లాగే ఉంది. లోపల వేళ్లు బయటికి దారి లేక చుట్టలు చుట్టుకుని ఎండిపోయాయి. ఇంకో గుంత తవ్వింది, అదే. ఇంకోటి, అదే.

"కవర్లు తీయకుండా నాటినారా!" అని అరిచాను. "ఎవురు చెప్పినారు ఇట్ల నాటమని?"

ఆమె నా ముఖంలోకి చూసింది. "నువ్వే."

అప్పుడు గుర్తొచ్చింది. ముందటేడు లారీ మీద నిలబడి, మొక్కలు దించేవాళ్లు దడదడా పడేస్తుంటే, నేను గొంతు చించుకుని అరిచాను: "కవరు చినిగితే మొక్క సస్తాది! ఎవురూ కవరు చింపొద్దు!" దించేటప్పుడు చింపొద్దన్నాను. నాటేటప్పుడు చింపాలని చెప్పడానికి నేనక్కడ లేను. లారీ ఖాళీ కాకముందే మడకశిరలో హోటలు భోజనానికి పోయాను. సాయంత్రం వచ్చేసరికి గుంతలన్నీ పూడ్చేసి ఉన్నాయి. భలే తొందరగా చేశారని మెచ్చుకున్నాను కూడా.

"సదువుకున్నోడివి. సస్తాదంటివి. ఒక్కరన్నా చింపుతారా?" అంది.

మా నాయన మాట ఒకటి అక్కడ తగిలింది. బట్టలో తప్పు కనబడితే నేను ఆ తప్పు దగ్గరే వేళ్లు పెట్టి కెలికేవాణ్ణి. ఆయన నా తల పట్టుకుని పడుగు వైపు తిప్పేవాడు. "ఈడ కనపడిందని ఈడ తెగిందనుకుంటావేమిరా? పోగు యాడో ఎనక తెగింటాది. ఆడికి పో" అనేవాడు. మగ్గం మీద రాని విద్య, గుట్ట మీద, తెగిన చెప్పు చేతబట్టుకుని నేర్చుకున్నాను.

నేర్చుకున్నానే గానీ, వెంటనే కాగితం దిద్దుకున్నానా? లేదు. కారణం గడిలో నన్ను నేను రాసుకుంటే ఉద్యోగం ఉంటుందో పోతుందో. గొర్రెలు బయటపడాలి, నేనూ బయటపడాలి. ఆ రోజంతా అదే ఆలోచన.

సాయంత్రం వసారాలో నలుగురైదుగురు రైతులు చేరారు. గుట్ట మూస్తారన్న మాట ఊరంతా పాకింది. వాళ్లు గొర్రెలు లేనివాళ్లు, సంతోషిస్తారనుకున్నాను. ఒక పెద్దాయన నా మీదికే వచ్చాడు.

"గుట్ట మూస్తే మా చేన్లో మంద ఎవురు కడతారు? మీ ఆఫీసరు వచ్చి పండుకుంటాడా?"

వేరుశనగ విత్తే ముందు, రాత్రిళ్లు మందను చేన్లో ఆపుతారు. పొద్దునకు ఆ నేలకు ఎరువు పడుతుంది. అది ఆ ఊరి పద్ధతి. నా నాలుగు గళ్లలో దానికి చోటే లేదు. నేను కాగితం తిప్పి వెనక రాసుకోబోతుంటే, మగ్గం ఆయన, "కాగితమెందుకన్నా, ఇట్ల జూడు" అని ఉన్ని పోగులు తెచ్చి నేల మీద పరిచాడు. గుట్టకు ఒక రాయి పెట్టాడు. గొర్రెలకు నాలుగు పెంటికలు. చేనుకు గుప్పెడు మట్టి. పంటకు రెండు వేరుశనగ కాయలు. గుట్ట నుంచి గొర్రెలకు పోగు, గొర్రెల నుంచి చేనుకు పోగు, చేను నుంచి కాయలకు పోగు. కాయలు కోశాక మిగిలే కట్టెను ఎండాకాలంలో తినేది గొర్రెలే గనక, కాయల నుంచి మళ్లీ గొర్రెలకు పోగు.

"ఇప్పుడు దీన్ని తీసెయ్ సూద్దాం" అన్నాడు రాయి చూపించి. తీశాను. పోగులన్నీ ఒక్కసారి కదిలి, కాయలు దొర్లి పెద్దాయన కాళ్ల దగ్గరికి పోయాయి. ఆయన వాటిని ఒలుచుకుని తినేశాడు. "ఇంకేముండాది, ఇదే ఆఖరి పంట" అంటే అందరూ విరగబడి నవ్వారు.

ఈ పోగుల పటం నేనే గీయించానని చాలాచోట్ల చెప్పాను. లేదు, చూశాను. నాదైన ఐడియా ఒక్కటే, అది అప్పుడు తట్టింది: "ఆఫీసరు వచ్చినప్పుడు ఒక పదకొండు గొర్రెల్ని తెచ్చి కానుగ మొక్కల ముందర నిలబెడదాం. కానుగాకు చేదు. ముట్టవు. కళ్లారా చూస్తే ఆయనే ఒప్పుకుంటాడు." నా లెక్క ఏమిటంటే, గొర్రెలు తినవని తేలితే చాలు, కవర్ల సంగతి ఎత్తే పని ఉండదు. గొర్రెలు కాసే ఆమె నన్ను కాసేపు చూసి, "రేపు పొద్దున్నే గదా?" అని అడిగి లోపలికి పోయింది.

జీపు ఏడు గంటలకే వచ్చి వసారా ముందు ఆగింది. మా ఆఫీసరుది కోస్తా వైపు. మంచివాడు, కానీ ఏదైనా రెండుసార్లు చెప్పించుకునే అలవాటు. జీపు వెనక ట్రాలీలో ఇంకో ఊరికి పోవాల్సిన కానుగ మొక్కలు ఉండనే ఉన్నాయి. గొర్రెకొకటి లెక్కన పదకొండు దించి వరుసగా పెట్టాను. చింపొద్దని ఈసారి అరవలేదు.

గొర్రెలొచ్చాయి. గొర్రెలు మామూలుగా ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. ఇవి మాత్రం పెళ్లి భోజనం చేసి, తాంబూలం తీసుకుని వచ్చే పెద్దమనుషుల్లా మెల్లగా వచ్చాయి. మొక్కల ముందు నిలబడి నెమరు వేశాయి. ఒకటి ముక్కు దగ్గరికి తెచ్చి వాసన చూసి తల తిప్పేసుకుంది. ఇంకోటి ఏకంగా పడుకుంది.

"ఏంటయ్యా ఇది, సర్కస్సా?" అన్నాడు ఆఫీసరు.

"సాక్ష్యం సార్. కానుగ మొక్కల్ని గొర్రెలు ముట్టవని తమరు స్వయంగా చూడాలని."

పావుగంట చూశాడు. ఒక్క ఆకు కూడా తెగలేదు. నేను గెలిచినట్టే, చేతులు కట్టుకుని నిలబడ్డాను. అప్పుడాయన కళ్లజోడు తుడుచుకుని, మెల్లగా అడిగాడు:

"సరే, ఇవి తినలేదు. మరి పోయినేడు మొక్కలేమైనట్టు?"

దానికి నా దగ్గర గొర్రెల్లేవు. ఆమె నన్నే చూస్తోంది. మగ్గం ఆయన లేచి, ఆమె గుట్ట మీద నుంచి తెచ్చిన నల్ల కవరును తీసుకొచ్చి, వసారాలో రాత్రే మళ్లీ సర్దిపెట్టిన పోగుల మధ్యలో పెట్టి, మళ్లీ మగ్గం గుంటలో కూర్చున్నాడు.

"ఇదేంటి?"

"కవరు సార్."

"కవరని తెలుస్తోంది. నేలలోకి ఎట్లా పోయింది?"

"నేనే సార్" అన్నాను. గొంతు మా మనవడి గొంతంత సన్నగా వచ్చింది. లారీ, అరుపు, హోటలు భోజనం, అన్నీ చెప్పేశాను. ఆయన అలవాటు ప్రకారం రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఎర్ర పెన్ను నా చేతిలో పెట్టి, "కారణం గడి దిద్దు" అన్నాడు. గొర్రెల్ని కొట్టేసి రాశాను: 'నాటునప్పుడు కవరు తీయవలెనని చెప్పకపోవుట. చెప్పనివాడు, ఈ కాగితము వ్రాయుచున్నవాడు.'

ఆయన దాన్ని గట్టిగా చదివాడు. ముందు ఆయనే నవ్వాడు. "కారణం గడిలో సంతకం పెట్టినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశానయ్యా!" అన్నాడు. ఊరు ఊరంతా నవ్వింది. నాకూ ఆగలేదు. ఉద్యోగం ఉంటుందని ఆ నవ్వుతోనే తెలిసిపోయింది.

తర్వాత ఆయన ప్యాంటు పైకి లాక్కుని పోగుల పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఏ పోగు ఎక్కడికి పోతుందో వేలితో పట్టుకుని అడిగాడు. పరిష్కారం గడి ఆ నేల మీదే మారింది. గుట్టలో సగం మొక్కలకు, సగం మేతకు. మొక్కలు గొర్రెకు అందనంత ఎత్తు పెరిగాక రెండు సగాలూ మార్చుకోవాలి. కాపలా వేరే మనిషి ఎందుకు, మంద కాసేవాళ్లే కాయాలి.

ఆ ఏడు వాన పడగానే నాటారు. నేను గుంత గుంతకూ తిరిగి బ్లేడుతో కవర్లు కోశాను. హోటలుకు పోలేదు, అక్కడే రాగిసంగటి తిన్నాను. కోసిన కవర్లన్నీ గోతంలో నింపి మోసుకుపోతుంటే ఆ ఊరివాళ్లు నాకు 'కవర్ల సారు' అని పేరు పెట్టారు. ఇప్పటికీ ఆ పక్క బస్సు దిగితే అదే పేరు. అప్పటి నుంచి ఏ ఊరి కాగితాన్నైనా తిరుగు బస్సులోనే నింపాను. ఇది మాత్రం ఒక్క పోగు కూడా పెంచకుండా చెప్తున్నాను.

ఇదంతా రాశాక, అచ్చుకు ఇచ్చేముందు ఒకసారి వాళ్లకు చదివి వినిపిద్దామని పోయిన వారం ఆ ఊరికి పోయాను. గుట్ట మీద కానుగలు పూసి ఉన్నాయి. ఆయన మగ్గం గుంట దగ్గరే మంచం వేసుకున్నాడు. ఆమెకు పళ్లు పోయాయి, చూపు పోలేదు, నోరు అసలే పోలేదు. చదువుతుంటే, గొర్రెలు పెళ్లి భోజనం చేసినట్టు వచ్చాయన్న మాట దగ్గర ఆయన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. అంత నవ్వు ఎందుకో నాకర్థం కాలేదు. బాగా రాశాను కాబోలనుకున్నాను.

"అంతా బాగుండాది గానీ, ఒక్కకాడ తప్పు రాసినావు" అంది ఆమె.

"కవర్లకాడనా అక్కా?"

"కాదు. గొర్రెలు కానుగాకు ముట్టవని రాసినావే, ఆడ."

"ముట్టలేదు గదక్కా! నేను కండ్లారా చూసినా."

"ఆకలేస్తే గొర్రె కానుగాకూ తింటాది, నీ కాగితమూ తింటాది. నీ మాట నమ్మి మందను పోగొట్టుకుంటానా? ఆ పొద్దు కోడి కూయకముందే లేసి, వానలొచ్చేదాకా అని దాచిపెట్టుకున్న శెనక్కట్టె వామి సగం పెరికి ఏసినా. దించిన మూతి ఎత్తకుండా మేసినాయి. ఇంక నీ మొక్కలు ముట్టేకి వాటికి కడుపు యాడుండాది?"

"మరి, పోయినేడు మొక్కలు?"

"కొన్ని నీ కవరు సంపె, కొన్ని ఇవి తినె. ఇప్పుడెందుకప్పా అది?"

సంచిలోంచి పెన్ను తీశాను. "సరే, పదకొండు గొర్రెలకూ కడుపునిండా కట్టె మేపి తోలుకొచ్చినావని దిద్దుతా."

"పదకొండు యాడివి? పదకొండింటికి ఏస్తి, వచ్చింది ఏడు. తక్కిన నాలుగూ కడుపు బరువుకు లేయలేక దొడ్లోనే పండుకొన్యాయి. అదీ రాసుకో."